చెప్పి ఉంటే

తన వంతు రావడానికి ఇంకా ఏడుగురున్నారు. బాలనర్సింహ బెంచీ కింద వేళ్లు ముడుచుకుంటూ మళ్లీ లెక్కపెట్టాడు, ఏడుగురే, పరవాలేదు, వాక్యం సిద్ధంగానే ఉంది, ఇఫ్ ఇట్ హాడ్ రెయిన్డ్, ఐ వుడ్ హావ్ గ్రోన్ కాటన్, వాన పడి ఉంటే నేను పత్తి పండించి ఉండేవాణ్ణి. పొద్దున డ్యూటీలో నిలబడి, వచ్చే పోయే కార్లకు సలాం కొడుతూ, పెదవుల లోపల ఎన్నిసార్లు అనుకున్నాడో. తప్పు పోయే అవకాశమే లేదు. పక్కనున్న వాళ్లంతా కొడుకు ఈడు వాళ్లు, తనకు నలభై ఆరు, యూనిఫాం ప్యాంటు మీద మామూలు చొక్కా తొడుక్కొని వచ్చినా తను సెక్యూరిటీ గార్డునని అందరికీ తెలుసు. ఆదిబట్ల దిక్కున కొత్తగా లేచిన కంపెనీకి బయటి దేశాల వాళ్లు వస్తుంటారు, మెయిన్ గేటు దగ్గర నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడే మనిషి కావాలి, నేర్చుకుంటే నిన్నే పెడతానన్నాడు ఏజెన్సీ ఆఫీసరు. అందుకే రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుట, ఎరువుల దుకాణం పైనున్న ఈ రేకుల గదిలో ఇంగ్లీషు క్లాసు. మెట్ల మీదుగా పురుగుమందు వాసన పైకి వస్తుంది. మిగతా వాళ్లు ముక్కు మూసుకుంటారు. బాలనర్సింహకు మాత్రం ఆ వాసన తగిలితే పొలంలోకి వచ్చినట్టే ఉంటుంది, అందుకనే ఆ మెట్లు గబగబా ఎక్కేస్తాడు.

కోటేశ్వరి మేడం బోర్డు మీద పెద్ద అక్షరాలతో హాడ్ అని రాసి కింద రెండు గీతలు గీసింది. తెనాలి దగ్గరి మనిషి, మీర్‌పేట్‌లో ఉంటుంది, రెండు బస్సులు మారి వస్తుంది, అయినా చీర మడత నలగదు, గొంతు అలిసిపోదు. “ఇఫ్ తర్వాత హాడ్ వచ్చిందంటే ఆ పని జరగలేదని అర్థం. ‘అతను వచ్చి ఉంటే’ అన్నామంటే అతను రాలేదన్నమాటే. అందుకని మీరు వాక్యం చెప్పి ఊరుకోకూడదు, అసలు జరిగిందేమిటో కూడా చెప్పాలి. అప్పుడే అర్థమైందని నేను నమ్ముతాను,” అంది. ముందు తనే ఒకటి చెప్పింది. మా ఆయన నా మాట విని ఉంటే మేం హైదరాబాదు వచ్చి ఉండేవాళ్లం కాదు. అసలు జరిగిందేమిటి, ఆయన వినలేదు, మేం వచ్చాం. అందరూ నవ్వారు. బాలనర్సింహ కూడా నవ్వాడు, నవ్వుతూనే ఆ మాట లోపల ఎక్కడో పట్టుకుంది, వచ్చి ఉంటే అంటే రాలేదన్నమాటే, చెప్పి ఉంటే అంటే, వద్దు, వాన పడి ఉంటే, వాన పడి ఉంటే నేను పత్తి పండించి ఉండేవాణ్ణి, అసలు జరిగిందేమిటి, ఇట్ డిడ్ నాట్ రెయిన్, వాన పడలేదు. అంతే. వాన పడకపోవడం ఎవరి తప్పూ కాదు. అందుకే ఆ వాక్యం ఏరుకున్నాడు.

ముందు బెంచీలో బట్టల షాపులో పనిచేసే నిర్మల లేచి, బస్సు టైముకు వచ్చి ఉంటే తను లేటయ్యేది కాదంది. బస్సు రాలేదు, లేటయింది. కిటికీలోంచి చూస్తే కంకర టిప్పర్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి, వాటి మీద కప్పిన పట్టాలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఏ గుట్టను తవ్వారో ఏమో, ఇవాళ ఉన్న గుట్ట రేపు ఉండడం లేదు. ఎదుటి గోడ మీద పెద్ద బోర్డు, పచ్చగడ్డి మీద పరుగెత్తే చిన్నపిల్ల, వెనక తెల్ల ఇండ్లు, ప్లాట్లు అమ్మబడును. ఆ పిల్ల రెండు చేతులూ చాపి నవ్వుతూ పరుగెత్తుకొస్తుంది. కాలి కింద ఏముందో చూసుకోదు. బాలనర్సింహ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. ఇంకా ముగ్గురు. అప్పుడు అమరేందర్ లేచాడు, డిగ్రీ తప్పిన పిల్లగాడు, యాచారం వైపు ఊరు, తల దువ్వుకుంటూ దర్జాగా అన్నాడు, ఇఫ్ ఇట్ హాడ్ రెయిన్డ్, మై ఫాదర్ వుడ్ హావ్ గ్రోన్ కాటన్. వాన పడలేదు, మా బాపు పత్తి పెట్టలేదు. మేడం శభాష్ అంది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదని మొదట్లోనే అంది కదా, వాన ఇక అయిపోయింది, తన వాక్యం ఆ పిల్లగాడు ఎత్తుకుపోయాడు. బాలనర్సింహ ఇంకో వాక్యం కోసం లోపల తడుముకున్నాడు. చదువుకొని ఉంటే, అది ఎవరో చెప్పేశారు. భూమి అమ్మకపోయి ఉంటే, దాంట్లో నాట్ వస్తుంది, ఎక్కడ పెట్టాలో తెలియదు. తడుముతూ పోతే చేతికి తగిలేది ఒకటే. ఎనిమిదేళ్లుగా దాని పక్క నుంచే నడుస్తున్నాడు గాని దాని మీద కాలు పెట్టలేదు.

రెండువేల నాలుగు. ఆ ఏడు మొగులు వచ్చి వచ్చి చినుకు పడకుండానే పోయింది. పొలం తూర్పు మూల బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తెల్లటి దుమ్ము, పిండిలాంటిది, బోరు వేసిన వాళ్ల కనుబొమల మీద, భార్య రేణుకమ్మ కొంగు మీద, పక్కనున్న మోదుగాకుల మీద. పడమటి మూల ఇంకొకటి వేద్దామని బోరుబండి వాళ్లన్నారు. మట్టి కూలకుండా దించే కేసింగు పైపు మళ్లీ కొత్తది ఎందుకని మొదటి బోరులోని పైపునే పైకి గుంజించాడు. పైపు ఉంటే అది నేల పైకి మూరెడు నిలబడి ఉండేది. గుంజేశాక జానెడు వెడల్పు నోరు మాత్రం మిగిలింది, నేలకు సమానంగా, నల్లగా. దాని మీద ఒక గోనెసంచి పరిచి నాలుగు తుమ్మకంపలు వేశాడు. బండ తెచ్చి మూయాలనుకున్నాడు. రేపు అనుకున్నాడు. ఆ సాయంత్రమే పైపు జాయింట్లు, గ్రీజు తేవాలని ఇదే ఇబ్రహీంపట్నానికి వచ్చాడు, దుకాణం మూస్తారేమోనన్న తొందరలో. రాంచంద్ర అప్పటికి లేడు, మధ్యాహ్నమే ఇంటికి పోయాడు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన వాడు, ఆ పొలాన్ని తనకన్నా ఎక్కువ దున్నిన వాడు, అన్నా అన్నా అంటూ వెంట ఉండేవాడు. మరునాడు పొద్దున కంది చేనులో కలుపు తీయడానికి రాంచంద్ర, వాళ్లావిడ మైసమ్మ వచ్చారు, నాలుగేళ్ల బిడ్డ సంతోషిని వెంట తెచ్చుకున్నారు. గాలికో మేకలకో కంపలు జరిగి ఉన్నాయి. సంచి మాత్రం పరిచినట్టే ఉంది. పిల్ల సంచి మీద కూర్చుందామనుకుందట. చూసింది మైసమ్మ ఒక్కతే.

రెండు రోజులు పక్కన గుంత తవ్వారు. ఊళ్లు ఊళ్లు వచ్చి గట్ల మీద నిలబడ్డాయి. ఆ రెండు రోజులూ జనం మాట్లాడిన మాటలన్నీ ఒకే తీరు మాటలని ఇవాళ బోర్డు చూశాకే బాలనర్సింహకు తెలిసింది. వానలు పడి ఉంటే ఈ బోరే ఉండేది కాదు. పిల్లను ఇంట్లో వదిలి వచ్చి ఉంటే. మిషను నిన్ననే వచ్చి ఉంటే. అందరి నోటా ఉంటే, ఉంటే, ఉంటే. మూసి ఉంటే బతికేది అని కూడా అన్నారు, ఎవరు మూసి ఉంటే అని మాత్రం అనలేదు, తెలుగులో అట్లా అనొచ్చు, మనిషి పేరు లేకుండా మాట నడుస్తుంది. పోలీసాయన ఒక్కడే పేరడిగాడు, పుస్తకం తెరిచి, దీన్ని మూయాల్సింది ఎవరయ్యా అన్నాడు. మామూలుగానే అడిగాడు. బాలనర్సింహకు తన ఇద్దరు పిల్లలు కళ్లలో మెదిలారు, జైలు మెదిలింది, నోరు తనంతట తానే తెరుచుకుంది. రాంచంద్రకు చెప్పిన సార్, నిన్న పొద్దుమూకంగ చెప్పిన, మూయమని. అన్నాక రాంచంద్ర వైపు చూశాడు, కాదంటాడని, ఎప్పుడు చెప్పినవ్ అని కొట్టడానికి వస్తాడని చూశాడు. అప్పుడు కాదని ఉంటే తను ఒప్పేసుకునేవాడు. ఒప్పుకునేవాడా? రాంచంద్ర గుంత వైపు చూస్తున్నాడు, ఏమీ వినలేదు. విన్నది మైసమ్మ. ఆమె తల తిప్పి మొగుణ్ణి చూసిన చూపు ఇప్పటికీ బాలనర్సింహ భుజం వెనక నిలబడే ఉంది. గేటు దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు వెనక ఎవరో ఉన్నట్టయి తిరిగి చూస్తాడు. ఎవరూ ఉండరు.

పదకొండో రోజు రాంచంద్ర ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు, అరుగు కిందే నిలబడి, అన్నా, నాకు నువ్వు చెప్పినవా, నాకేం యాదికి వస్తలేదు అన్నాడు. నిలదీయడానికి వచ్చినవాడి గొంతు కాదది, దారి తప్పినవాడు ఊరి పేరు అడిగినట్టు అడిగాడు. రేణుకమ్మ తలుపు దగ్గర ఉంది, పిల్లలు అన్నం తింటున్నారు. చెప్పిన, అన్నాడు బాలనర్సింహ. అవునా, అన్నాడు రాంచంద్ర, తల ఊపి వెళ్లిపోయాడు. ఒక్క మాట. మొదటిసారి భయంతో అన్నాడు, సరే, రెండోసారి ఎవరూ భయపెట్టలేదే. కాగితాల మీద అది ప్రమాదమని రాసుకొని పోయారు. మూడేళ్లకు ఆ పొలం, చుట్టుపక్కల పొలాలు ప్లాట్ల వెంచరుకు పోయాయి, మిషన్లు వచ్చి గట్లన్నీ చదును చేశాయి, ఇప్పుడు అక్కడ తెల్ల సున్నం వేసిన రాళ్లు, రోడ్డు వేయడానికి పోసిన కంకర. తూర్పు మూల ఏ ప్లాటులో కలిసిందో బాలనర్సింహ చెప్పలేడు. చెప్పగలిగేవాడు రాంచంద్ర ఒక్కడే. ఆ ఏడు నుంచి వాడు చుట్టుపక్కల ఊళ్లలో ఎండిన బోరు ఎక్కడున్నా వెతుక్కుంటూ పోతాడు. కూలి పని అయ్యాక రాళ్లు, మట్టి మోసి దాన్ని నింపుతాడు, పైన బండ పెడతాడు, బండ మీద నిలబడి రెండుసార్లు తొక్కి చూస్తాడు. ఎవరూ పిలవరు, ఎవరూ వద్దనరు. మైసమ్మ వాడికి అన్నం పెడుతుంది, అవసరానికి మించి మాట్లాడదు, ఆ ఇంట్లో మళ్లీ బిడ్డ పుట్టలేదు. రాంచంద్ర దారిలో ఎదురైతే ఇప్పటికీ అన్నా, బాగున్నవా అంటాడు. మతిమరుపోడు, ఆ రోజు మరిచిండు పాపం అంటుంది ఊరు. పాపం అనే మాట విన్నప్పుడల్లా బాలనర్సింహ అక్కణ్ణించి లేచిపోతాడు.

“బాలనర్సింహ గారూ,” అంది మేడం.

లేచాడు. అందరూ వెనక్కి తిరిగారు. ఇఫ్ క్లోజ్డ్ ది బోర్, అన్నాడు, అని ఆగి, ది చైల్డ్ వుడ్ హావ్ లివ్డ్ అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాక్యం, అంత సాఫీగా. మేడం ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది, అయినా పాఠం పాఠమే. “రెండో సగం చాలా బాగుంది. మొదటి సగంలో మనిషి లేడండీ. ఎవరు మూసి ఉంటే? ఇంగ్లీషులో ఆ మనిషి లేకపోతే వాక్యం నిలబడదు.” ఎవరు. బాలనర్సింహ బోర్డు వైపు చూశాడు. ఇఫ్ హీ హాడ్ క్లోజ్డ్ ది బోర్, అన్నాడు. అతను మూసి ఉంటే. ఎనిమిదేళ్ల అలవాటు, ఇంగ్లీషులోనూ అదే ముందు వచ్చింది. కరెక్ట్, అంది మేడం, మరి అసలు జరిగిందేమిటి అంది. హీ డిడ్ నాట్ క్లోజ్, అన్నాడు. ఇది కూడా అబద్ధం కాదు, రాంచంద్ర మూయలేదు, ఎక్కడా తప్పు లేని వాక్యం, కూర్చోవచ్చు. కూర్చోబోయాడు. “ఎందుకు మూయలేదు? దానికి ఇంకో ఇఫ్ చెప్పండి చూద్దాం. బాగా చెబుతున్నారు,” అంది మేడం. ఉత్సాహపరచడానికే అంది. ఆమెకేం తెలుసు. ఎవరికేం తెలుసు ఇక్కడ, తెనాలి ఆవిడ, బట్టల షాపు అమ్మాయి, తల దువ్వుకునే పిల్లగాడు, వీళ్ల ముందు ఏమన్నా అది వ్యాకరణమే, ఏ పోలీసూ రాడు, ఏ తలా తిరిగి చూడదు. ఇఫ్ ఐ హాడ్ టోల్డ్ హిమ్, అన్నాడు. హీ వుడ్ హావ్ క్లోజ్డ్ ఇట్. నేను అతనికి చెప్పి ఉంటే అతను మూసి ఉండేవాడు.

“అసలు జరిగిందేమిటి?”

ఐ డిడ్ నాట్ టెల్ హిమ్.

ఏ భాషలోనూ అంతకుముందు ఆ మాట అనలేదు. రేణుకమ్మకు అనలేదు, దేవుడి ముందు కళ్లు మూసుకొని కూడా అనలేదు. నేల కుంగుతుందనుకున్నాడు, ఏమీ కాలేదు, పంకా తిరుగుతూనే ఉంది. మేడం చప్పట్లు కొట్టింది, ఇవాళ చెప్పిన వాటిలో ఇదే మంచి వాక్యమంది, పొరపాటు ఒక్కటీ లేదంది. సుద్దముక్క అందుకొని రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి అందర్నీ రాసుకోమంది. తలలు వంగాయి. పదకొండు నోట్‌బుక్కుల్లో పదకొండు పెన్నులు ఆ మాటను దింపుకుంటున్న చప్పుడు ఆ చిన్న గదిలో బాలనర్సింహకు వినిపించింది. ఇప్పుడు నా వెంట అనండి అంది మేడం. అందరూ కలిసి అన్నారు, ఐ డిడ్ నాట్ టెల్ హిమ్. ఇంకోసారి అంది. ఐ డిడ్ నాట్ టెల్ హిమ్. లేత గొంతులు, నవ్వుతున్న గొంతులు, అమరేందర్ గొంతు అన్నింటికన్నా గట్టిగా. వాళ్లు ఇండ్లకు పోయి మళ్లీ చదువుకుంటారు, బస్సులో చదువుకుంటారు, రేపు ఒకరినొకరు అప్పజెప్పించుకుంటారు. ఇన్ని ఇండ్లలో ఉండే మాట ఒక్క ఇంట్లో మాత్రం ఉండదు. బాలనర్సింహ పుస్తకం తీసుకోలేదు. మేడం, నేను పోవాలె అన్నాడు. ఇంకా పావుగంట ఉందండీ అంటున్నా మెట్లు దిగాడు. పురుగుమందు వాసన ముఖానికి కొట్టింది, ఈసారి పరుగెత్తలేదు.

బండి మీద ఊరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ వాక్యాన్ని తెలుగులోకి మార్చుకోవాలని చూశాడు. ఇంగ్లీషులో ఐదు ముక్కలుగా విడివిడిగా నిలబడిన మాట తెలుగులోకి రాగానే బరువెక్కి కిందపడిపోతోంది. అన్నా అని పిలిచేవాడి ముందు ఎట్లా మొదలుపెట్టాలి. వెనక్కి తిరిగిపోవచ్చు. ఇప్పటికీ తిరిగిపోవచ్చు. వెంచరు రాళ్ల పక్కన బండి నెమ్మదించింది, పడమట పొద్దు దిగుతోంది, మళ్లీ ముందుకు పోనిచ్చాడు. రాంచంద్ర ఇంటి ముందు రాతి మీద కూర్చొని కాళ్లకంటిన మట్టి కడుక్కుంటున్నాడు. అన్నా, రా అన్నాడు. బాలనర్సింహ బండి స్టాండు కూడా వేయలేదు, గోడకు ఆనించి నిలబడ్డాడు.

“రాంచంద్రా, బోరు మూయమని నీకు నేను చెప్పలే. పోలీసాయన అడిగితే భయమయి నీ పేరు చెప్పిన. మళ్ల నువ్వొచ్చి అడిగితే గప్పుడు కూడ అబద్ధమే చెప్పిన. నీ తప్పేం లేదు.”

రాంచంద్ర చెంబు కింద పెట్టాడు. కోపం రాలేదు ముఖంలోకి. ఏదో పసివాణ్ణి సముదాయిస్తున్నట్టు నవ్వాడు.

“చెప్పినవ్ అన్నా. మొదట్ల యాదికి రాలే గని తర్వాత అంత వచ్చింది. సైకిల్ చైన్ ఊడితే గట్టు కింద కూసొని ఏసుకుంటున్న. నువ్వు గట్టు మీద నిలవడ్డవ్. రాంచంద్రా, గా బోరు మీద బండ ఏయి అన్నవ్. సరే అన్న. నువ్వు నన్ను జూసి జాలిపడి గిట్లంటున్నవ్. వద్దు.”

బాలనర్సింహకు ఆ గట్టు కనిపించింది. సైకిలు కనిపించింది. ఆ సాయంత్రం తను ఆ గట్టు మీద లేడు, ఇబ్రహీంపట్నంలో జాయింట్లు బేరమాడుతున్నాడు, అయినా ఒక్క క్షణం తన గొంతే తనకు వినిపించింది, బండ ఏయి అని. అంత నిజంగా ఉంది. ఎనిమిదేళ్లు ఒక మనిషి కూర్చొని కూర్చొని, తన బిడ్డను తనే పోగొట్టుకున్న సాయంత్రాన్ని చేత్తో కట్టుకున్నాడు, గట్టు పెట్టాడు, సైకిలు పెట్టాడు, సరే అన్న మాట పెట్టాడు. ఒక్క అబద్ధం ఇస్తే దాని మీద ఇల్లు కట్టుకొని అందులోనే ఉంటున్నాడు. లోపల పొయ్యి దగ్గర రొట్టెలు కొట్టే చప్పుడు ఎప్పుడు ఆగిందో, తలెత్తేసరికి మైసమ్మ గడపలో నిలబడి ఉంది. పిండి చేతులు. ఆమె బాలనర్సింహనే చూస్తోంది. తిట్లు వస్తాయని, దుమ్మెత్తి పోస్తుందని తల వంచుకున్నాడు. రావాలని కూడా కోరుకున్నాడు.

“మళ్ల చెప్పు,” అంది.

చెప్పాడు. నేను చెప్పలే. ఆ పొద్దు నేను ఊర్లనే లేను. ఆమె గడప దిగి వచ్చి మొగుడి ఎదుట నేల మీద కూర్చుంది, పిండి చేతులతోనే వాడి రెండు చేతులూ పట్టుకుంది. రాంచంద్ర ఆ చేతుల వంక చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. ఇన్నవా అంది ఆమె. వాడు తల అడ్డంగా ఊపాడు, చెప్పిండు, నాకు యాదికున్నది అన్నాడు. ఆమె చేతులు వదల్లేదు. ముఖం తిప్పకుండానే బాలనర్సింహతో అంది, “రేపు రా. ఎల్లుండి రా. ఈయన ఒప్పుకునేదాంక చెప్పు. అటెన్క నీ సంగతి నేను చూస్త.”

మరునాడు డ్యూటీ దిగాక బాలనర్సింహ క్లాసుకు పోలేదు. ఐదింటికి వాళ్ల ఇంటి ముందు బండి ఆపి, రాంచంద్ర ఎదుట నిలబడి, రాంచంద్రా, నీకు నేను చెప్పలే అని మొదలుపెట్టాడు. రాంచంద్ర సైకిలు సంగతి ఎత్తాడు. మైసమ్మ లోపలి నుంచి పీట తెచ్చి బాలనర్సింహ ముందు పడేసింది.

“కూసొని చెప్పు. శానసేపు పడ్తది.”